మ్యాగ్ డ్రాప్ అయిందని అలిగిన అమ్మాయికి

చిన్నీ,

నిన్న ఫోన్‌లో మాట్లాడింది నాలుగు నిమిషాలైతే, అందులో మూడు నిమిషాలు మీ ఇన్‌స్ట్రక్టర్ని తిట్టడానికే సరిపోయింది. వాతావరణం బాగుంది, ఇంజన్ స్టార్టయింది, రన్‌వే అంచుదాకా వెళ్లారు. తీరా అక్కడ ఆయన "మ్యాగ్ డ్రాప్ ఎక్కువుంది, వెనక్కి పోదాం" అన్నాడు. (నిప్పురవ్వ పుట్టించే రెండు మ్యాగ్నెటోల్లో ఒకటి ఆపి చూస్తే ఇంజన్ చుట్లు తగ్గడమే ఆ డ్రాప్.) "ఇంజన్ బానే తిరుగుతోంది కదా నాన్నా!" అన్నావు నువ్వు. ఆ మాటకి నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్లు ఫ్లయింగ్ క్లబ్బు హ్యాంగర్లో చేతులకి గ్రీజు పూసుకున్నవాడి కూతురు అనాల్సిన మాట కాదది. తప్పు నాదేలే. నీకెప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఫోన్‌లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నా.

మీ సెస్నా 152 విమానంలో ఉన్నది లైకమింగ్ ఓ-235 ఇంజన్. ఆ 235 క్యూబిక్ అంగుళాల లెక్క, అంటే దాదాపు 3.8 లీటర్లు. అంత ఇంజనూ ఇచ్చేది 110 హార్స్‌పవర్. మన కారు 1200 సీసీతోనే 80 పైచిలుకు ఇస్తుంది. అలాగని దీన్ని తీసిపారెయ్యకు. కారు ఆ పవర్ ఇవ్వాలంటే నిమిషానికి 6000 చుట్లు తిరగాలి. నీ ఇంజన్ 2550 దగ్గరే ఉన్నదంతా ఇచ్చేస్తుంది. ప్రొపెల్లర్ని క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముక్కుకి నేరుగా బోల్టులతో బిగించారు, మధ్యలో గేర్లు లేవు. ఆ ప్రొపెల్లర్ ఈ కొస నుంచి ఆ కొసకి 69 అంగుళాలు. 2550 దగ్గర దాని కొస సెకనుకి 234 మీటర్లు పరిగెడుతుంది. ఇంకా తిప్పుకుంటూ పోతే ఆ కొస శబ్దవేగానికి దగ్గరపడుతుంది, అప్పుడు గోల పెరుగుతుంది గానీ లాగుడు పెరగదు. అందుకే పెద్ద సిలిండర్లు, నెమ్మది తిరుగుడు. పైగా కారు యాక్సిలరేటర్ని చివరిదాకా తొక్కేది ఎప్పుడో ఒకసారి. ఇది టేకాఫ్‌లో నూటికి నూరు శాతం పనిచేసి, ఆపైన గంటల తరబడి డెబ్బై శాతం దగ్గర నడవాలి.

సిలిండర్లు నాలుగు. అటు రెండు, ఇటు రెండు, ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. సిలిండర్ చుట్టూ ఉన్న పల్చటి ఫిన్స్ మీదుగా పోయే గాలే చల్లబరచాలి. (నూనె కూడా కొంత ఆ పనే చేస్తుంది. డిప్‌స్టిక్ చూడకుండా ఎక్కావంటే ఊరుకోను.) లోపల పని మన తాతయ్య పొలంలో ఆయిలింజను చేసిన పనే: పీల్చు, నొక్కు, పేల్చు, ఊదు. పిస్టన్ ఆ నాలుగూ ముగించేసరికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. అంటే 2550 దగ్గర ఒక్కో సిలిండర్లో సెకనుకి ఇరవై ఒక్క పేలుళ్లు, నాలుగింట్లో కలిపి 85. నీకు వినిపించే ఆ ఒక్క హోరులో అన్ని చప్పుళ్లున్నాయి. వాల్వుల్ని సరిగ్గా వేళకి తెరిచి మూసేది కామ్ షాఫ్ట్. ఈ ఇంజన్లో అది క్రాంక్ షాఫ్ట్‌కి పైన ఉంటుంది కాబట్టి, బండి నెలల తరబడి ఊరికే నిలబడితే దానిమీది నూనె కిందికి జారిపోయి తుప్పు పడుతుంది. రోజూ ఎగిరే విమానం కన్నా షెడ్డులో కూర్చున్న విమానానికే నేనెక్కువ భయపడేవాణ్ణి.

ఇక అసలు సంగతి, మ్యాగ్నెటో.

ఆయిలింజను డీజిల్‌ది, నొక్కితే చాలు అంటుకుంటుంది. పెట్రోలు ఇంజన్‌కి నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వ కోసం కారు బ్యాటరీని నమ్ముకుంటుంది. ఆకాశంలో బ్యాటరీని నమ్ముకోలేం. మ్యాగ్నెటోలో ఒక అయస్కాంతం ఇంజన్‌తోపాటు తిరుగుతూ తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. ఆల్టర్నేటర్ పోయి, బ్యాటరీ చచ్చి, రేడియో మూగబోయినా ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటివి రెండు మ్యాగ్నెటోలు, ఒక్కో సిలిండర్‌కి రెండేసి ప్లగ్గులు. ఒకటి పోతే ఇంకోటి ఇంటికి చేరుస్తుంది.

1700 దగ్గర పెట్టి తాళంచెవి ఒక మ్యాగ్ మీదికి తిప్పితే రెండోది ఆగి ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) కొంచెం పడుతుంది. రెండు వైపుల నుంచీ అంటుకోవాల్సిన మంట ఒక వైపు నుంచే పాకుతుంది కాబట్టి ఆ మాత్రం బలం తగ్గడం మామూలే. 125 దాకా ఒప్పుకుంటారు, రెండిటి మధ్య తేడా 50 దాటకూడదు. నీకు 200 పడింది, వణికింది కూడా. అంటే ఎక్కడో ఒక సిలిండర్ ఆ మ్యాగ్ మీద అంటుకోవడంలేదు. రెండూ కలిసి ఉన్నప్పుడు ఆ లోటు కనపడదు, "బానే తిరుగుతోంది" అనిపిస్తుంది. మంచి మ్యాగ్ చెడ్డదాన్ని కప్పిపుచ్చుతోంది, అంతే. ఆ మంచిది గాల్లో ఉండగా పోతే?

అసలు డ్రాప్ లేకపోతే సంతోషించేదానివేమో. అది ఇంకా ప్రమాదం. నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలిసొచ్చింది. సాయంత్రం, బండి అప్పుడే దిగింది, ఇంజన్ వేడి మీదుంది. తాళంచెవి ఆఫ్‌లోనే ఉంది, నేనే చూశా. ప్రొపెల్లర్ వంకరగా ఆగింది, తుడవడానికి వీలుగా అడ్డంగా పెడదామని చేత్తో కాస్త తిప్పాను. లోపల 'టక్' మంది, వెంటనే ఇంజన్ ఒక్కసారి 'ధడ్' మంది. ప్రొపెల్లర్ రెక్క నా చొక్కా చెయ్యి అంచుని రాసుకుంటూ పోయింది. ఒక్క చుట్టే, ఆగిపోయింది. మా పెద్దాయన పరిగెత్తుకొచ్చి చెంప మీద ఒకటి ఇచ్చి, తర్వాత టీ తెప్పించాడు.

ఏం జరిగిందంటే, మ్యాగ్నెటోకి ఆఫ్ చెయ్యడమంటే కరెంటు ఆపడం కాదు, ఒక చిన్న వైరు ద్వారా దాన్ని ఎర్త్ చెయ్యడం. ఆ వైరు తెగితే తాళంచెవి జేబులో ఉన్నా మ్యాగ్ బతికే ఉంటుంది. చెక్ చేసేటప్పుడూ ఆ మ్యాగ్ ఆగదు కాబట్టే డ్రాప్ కనపడదు. ఆ 'టక్' ఇంపల్స్ కప్లింగ్‌ది. స్టార్టింగ్‌లో ఇంజన్ మెల్లగా తిరుగుతున్నా రవ్వ గట్టిగా పడాలని అయస్కాంతాన్ని స్ప్రింగుతో ఒక్కసారి విసిరే ఏర్పాటది. నేను మెల్లగా తిప్పినందుకే రవ్వ బ్రహ్మాండంగా పడింది. అందుకే విమానం ఇంజన్ని తాళంచెవితో ఆపరు, మిక్స్‌చర్ని (గాలిలో కలిసే పెట్రోలు పాలు) సరిచేసే ఎర్ర నాబ్ పూర్తిగా లాగి, ఇంధనం ఆపి, సిలిండర్లు ఖాళీ చేసి ఆపుతారు. ఆగి ఉన్న ప్రొపెల్లర్ ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారే మీ బ్యాచ్, వాళ్లకీ ఇది చదివి వినిపించు.

మరి నీ 200 ఎక్కణ్ణుంచి వచ్చింది? ముందున్న విమానాల కోసం ట్యాక్సీవే మీద పావుగంట ఆగామన్నావు. ఐడ్లింగ్‌లో, ఎర్ర నాబ్ పూర్తిగా లోపలికి నొక్కి పెట్టే కదా? ఆ నీలంరంగు పెట్రోల్లో సీసం ఉంటుంది. ఇంజన్ చల్లగా, మిక్స్‌చర్ చిక్కగా ఉంటే ఆ సీసం బయటికి పోక కింది ప్లగ్గుల్లో గోళీల్లా పేరుకుంటుంది. మన పాత స్కూటర్ ప్లగ్గుకి కార్బన్ పడితే నేను విప్పి గరుకుకాగితంతో రుద్దేవాణ్ణి, గుర్తుందా? అదే జబ్బు. నేల మీద ఆగినంతసేపూ మిక్స్‌చర్ పలచన చెయ్యి, టేకాఫ్‌కి ముందు మర్చిపోకుండా మళ్లీ నొక్కు. ఎంతవరకు లాగాలో మీ ఇన్‌స్ట్రక్టర్నే అడుగు, మా నాన్న చెప్పాడని సొంత వైద్యం మొదలెట్టకు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. కార్బొరేటర్లో, అంటే పెట్రోల్ని గాలిలో కలిపే భాగంలో, మంచు పట్టడం చలిదేశాల గొడవ అనుకునేవాళ్లు మా కాలంలోనూ ఉండేవాళ్లు. దాని గొంతు ఇరుకైన చోట గాలి వేగంగా పోవడం, పెట్రోలు ఆవిరవడం, ఈ రెండింటితో లోపలి వేడి బయటికన్నా ముప్ఫై డిగ్రీల మేర పడిపోగలదు. బయట 20 డిగ్రీలుండి గాలి తేమగా ఉంటే చాలు. హైదరాబాద్‌లో జూలై పొద్దున్నలు ఇంచుమించు అలాగే ఉంటాయి. ఏమీ ముట్టుకోకుండానే ఆర్‌పీఎం మెల్లగా జారుతుంటే కార్బ్ హీట్ (కార్బొరేటర్లోకి వేడిగాలి పంపే నాబ్) లాగు. లాగగానే ఇంజన్ ఇంకా దిగజారుతుంది, కరిగిన నీళ్లు మింగి దగ్గుతుంది కూడా. అప్పుడు టెన్షన్ పడి మళ్లీ లోపలికి నొక్కేస్తారు కొందరు. నొక్కకు. ఓపిక పట్టు, కరిగాక ఆర్‌పీఎం తనంతట తానే పైకి వస్తుంది.

మీ మెకానిక్ని "ఆ గ్రీజు అతను" అన్నావు నిన్న. నాకేం కోపం రాలేదులే. కాకపోతే 1903లో రైట్ సోదరుల విమానం ఎగిరింది వాళ్ల సైకిల్ షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో తయారుచేసిన 12 హార్స్‌పవర్ ఇంజన్ మీద. రేపు ప్లగ్గులు విప్పేటప్పుడు ఆయన పక్కనే నిలబడు. వీలైతే కంప్రెషన్ కూడా చూడమను. సిలిండర్లోకి గాలి పట్టించి, ఎక్కడ కారుతోందో చెవి పెట్టి వింటారు. ఎగ్జాస్ట్ పైపులో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్ వైపు అయితే ఇన్‌టేక్ వాల్వు, నూనె పోసే మూత దగ్గరైతే రింగులు. నిన్నూ విననిమ్మని అడుగు, కాదనడు.

ఆ ప్లగ్గు ఫొటో తీసి పంపు. పైనుంచి కాదు, రవ్వ పడే వైపు కనపడేలా, వెలుతుర్లో తియ్యి. అమ్మకి అర్థంకాకపోయినా చూస్తానంటోంది.

నాన్న