సంతకానికి ముందు ఒక్క బొమ్మ గీసి చెప్పండి

సంపాదకులకు,

మా బాబాయి మిర్చి రైతు. కింది పెదవి మీద పుండు లేచి నాలుగు నెలలైనా మానకపోతే, ఎండకు పగిలిందిలే అని వెన్న రాసుకుంటూ కూర్చున్నాడు, చివరికి గుంటూరులో ముక్క తీసి పరీక్ష చేస్తే చర్మ క్యాన్సర్ అని తేలింది. పెదవిలో మూడో వంతు లోపు పోతే మామూలుగా అంచులు దగ్గరకు లాగి కుట్టేస్తారట. ఆయనకు దాదాపు సగం తీయాల్సి వచ్చింది కాబట్టి, పై పెదవిలో కొంత భాగాన్ని రక్తనాళంతో సహా కిందికి తిప్పి అతికించారు. ఆ ముక్కకు రక్తం అందేలా పై పెదవితో కలిపి ఉంచిన సన్నని కాడను కోసేదాకా రెండు మూడు వారాలు పెదవులు రెండూ మధ్యలో కలిసే ఉంటాయి.

ఈ సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదండీ! అద్దంలో చూసుకుని ఆయన వణికిపోయాడు. పిన్ని మూతి పక్క సందులోంచి చెంచాతో రాగిజావ పోస్తుంటే సగం గడ్డం మీదుగా కారేది, ఏం కావాలన్నా మా పిల్లాడి పలక మీద రాసి చూపించేవాడు.

ఆపరేషన్ చక్కగా చేశారు, అందులో వంక పెట్టను. నోరు కాస్త చిన్నదైంది గానీ ఇప్పుడు మాట స్పష్టంగానే వస్తోంది. కానీ సంతకం పెట్టించుకునే ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి, తెలుగులో, బొమ్మ గీసి చెప్పి ఉంటే ఇంటిల్లిపాదికీ అంత టెన్షన్ ఉండేది కాదు. మన గుంటూరు, విజయవాడ ఆసుపత్రులన్నీ దయచేసి ఈ పని చేయాలి.

– ఒక పాఠకురాలు, గుంటూరు