ఫోటో పోటీ సంగతులు

ఒరేయ్ సూర్యం,

వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావని ఇలా రాస్తున్నా. మన బరంపురంలో పేట పిల్లలంతా కలిసి ఫోటో పోటీ పెట్టారు. ఇది ఆడపని, అది మగపని అని ఎవరన్నారు? అన్నది విషయం. ఫోన్‌తో తీసినా పర్వాలేదు, కానీ ఫోటోలో ఉన్న మనిషి ఒప్పుకోవాలి. వచ్చినవి వడపోసే పని నా నెత్తిన పడింది.

మొదటి విడత చూసి నవ్వొచ్చింది రా. ఒకడు ఏప్రాన్ కట్టి గరిట పట్టుకుని ఇకిలిస్తాడు, ఒకమ్మాయి బుల్లెట్ మీద నల్లకళ్లద్దాలతో కూర్చుంటుంది, అంతే. ఆ గరిటకి పప్పు మరకైనా లేదు! అయినా మగాడు వండితే వింతేంటి, మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కేది ఎవరు? కూలి ఇచ్చే వంటైతే మగపని, ఇంట్లో ఊరికే చేసేదైతే ఆడపని. ఈ మాట అన్నానని మా బావ ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు.

గోపాల్‌పూర్ నుంచి వచ్చినవి మాత్రం వేరే రకం. మన జాలరి వాళ్లే, ఒడ్డున పడవ నీడలో నలుగురు మగవాళ్లు చిరిగిన వల కుట్టుకుంటున్నారు, ఆ చేతుల వేగం ఫోటోలో కూడా తెలుస్తోంది. వీళ్లే ఇంట్లో చొక్కా గుండీ ఊడితే పెళ్లాన్ని కేకేస్తారు. ఇంకోదాంట్లో ఒకావిడ చేపల గంప ముందు కూర్చుని బేరమాడుతూ నోట్లు లెక్కపెడుతోంది. వేటకెళ్లేది మగవాళ్లైనా సరుకు డబ్బుగా మారేది ఈవిడ చేతిలోనే కదా. ఎవరూ ఫోజు పెట్టలేదు, రోజూ జరిగేదే. మనమే ఎప్పుడూ ఆగి చూడం.

మన పట్టు సంగతీ అంతే. ఫలానా ఊరి సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు వచ్చిన చీర, కానీ నేతగాడు అనగానే మగ్గం మీద కూర్చున్న ఇంటాయనే గుర్తొస్తాడు. ఒక పిల్ల మగ్గాన్ని వెనక మసకగా వదిలేసి, కండెలు చుడుతున్న వాళ్ల నాన్నమ్మ చేతుల్ని తీసింది. నా ఓటు దానికే.

అసలు గొడవ అక్కడే మొదలైంది. ఫోన్ వాళ్ల అన్నయ్యది, ఫోటో చెల్లిది, ఫారంలో పేరేమో అన్నయ్యది! అడిగితే "మా ఫోనే కదండీ" అంటాడు. నాకు వెంటనే హోమాయ్ వ్యారవాలా గుర్తొచ్చింది. 1913లో పుట్టిన ఆవిడ మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్, 2011లో పద్మవిభూషణ్ కూడా వచ్చింది. అలాంటావిడ ఫోటోలే మొదట్లో భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. ఇన్నేళ్లయ్యాక కూడా ఆడా మగా సమానమని చెప్పే పోటీలోనే ఇదేం చోద్యం రా! ఇంకా ఎన్ని ఫారాలు ఇలాగే వచ్చాయో అని ఇంటింటికీ ఫోన్ చేసి, తీసిందెవరో కనుక్కుని పేర్లు మార్పించాం. ఆ అన్న మూతి ముడుచుకున్నాడు, వాళ్ల నాన్నమ్మ మాత్రం "నా చేతులు ముడతలు పడ్డాయి, వాటిని ఎవరికి చూపిస్తారే" అని ఒకటే నవ్వు.

వచ్చే ఆదివారం ప్రదర్శన. పెద్ద సైజు ప్రింట్లకి డబ్బులు చాలట్లేదు, నీ వంతు ఫోన్‌పే చెయ్. వచ్చేటప్పుడు మీ ఆవిడని కూడా తీసుకురా, టీలు నువ్వే అందిద్దువు గాని, ఆవిడ చేత ఫోటో తీయిస్తాను.

నీ
రాజు