ఓడ నమూనా ధర దేన్ని బట్టి?

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంటి అలంకరణ గురించి వచ్చిన వ్యాసంలో, చేతితో చేసిన ఓడ నమూనాలకు ఏళ్లు గడిచేకొద్దీ బంగారంలా ధర పెరుగుతుందని రాశారు. విశాఖలో 26 ఏళ్లు ఓడల డ్రాయింగులు గీసి, ఇప్పుడు మల్కాజిగిరిలో స్థిరపడిన నాకు ఆ మాట సగమే నిజమనిపించింది. చేతిపని ఒక్కటే ధర తెచ్చేదైతే, ఏటా నుమాయిష్‌లో అమ్మకానికి పెట్టే తెరచాప ఓడల కోసం సేకర్తలు బారులు తీరి ఉండేవారు.

పదేళ్ల కిందట నేనూ ఒకటి కొన్నాను. వందేళ్ల నాటిదని దుకాణదారు చెబితే నమ్మి 18,000 రూపాయలు ఇచ్చి, మూడు తెరచాప కొయ్యలున్న (స్తంభాలున్న) ఓడను ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి స్కేలు పెట్టి చూస్తే ఓడలోని గది తలుపు ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లు, చుక్కాని తిప్పే చక్రం మూడు సెంటీమీటర్లు. ఆ తలుపులో పట్టే సరంగుకు చక్రం అందదు. చక్రం అందుకోగలిగినవాడు తలుపులో పట్టడు. తెరచాప కొయ్యలను నిలబెట్టే బరువైన మోకులకూ, తెరచాపలను లాగే సన్నని తాళ్లకూ ఒకే దర్జీ దారం వాడారు. పక్కల మీద పలకల్లా కనిపించినవి ఒకే దుంగ మీద సూదితో గీసిన గీతలు. నా వృత్తికి అది పెద్ద నగుబాటు కనుక ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

సేకర్త మొదట చూసేది ఈ కొలతలనే. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండులో యుద్ధనౌకలకు చేసిన నమూనాలు చాలా వరకు అడుగుకు పావు అంగుళం లెక్కన, అంటే 48వ వంతు పరిమాణంలో ఉంటాయి. వాటిలో చాలావాటికి నీటి కిందుండే భాగానికి పలకలు వేయకుండా వదిలేశారు. ఓడ అడుగున ఉండే దూలం నుంచి పైకి లేచిన పక్కటెముకలు ఒక్కొక్కటీ కంటికి కనిపిస్తాయి. గ్రీనిచ్‌లోని జాతీయ సముద్రయాన మ్యూజియంలో ఇలాంటివి పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అసలు నౌకలు ఏనాడో నాశనమయ్యాయి, కొన్నింటి డ్రాయింగులు కూడా మిగల్లేదు; వాటి నిర్మాణానికి ఇప్పుడు ఆ నమూనాలే సాక్ష్యం. కర్రను ఎంచుకోవడంలోనూ ఇదే లెక్క పనిచేస్తుంది. ఆ పరిమాణంలో ఒక మిల్లీమీటరు వెడల్పున్న కర్ర చార అసలు ఓడ మీద దాదాపు ఐదు సెంటీమీటర్లవుతుంది కనుక, చార కనిపించని బాక్స్‌వుడ్, పియర్ కర్రలనే మంచి పనివాళ్లు కోరుకుంటారు. ముతక చారల కర్ర ఎంత ఖరీదైనదైనా అక్కడ దోషమే.

అయితే నా లెక్క అన్నిచోట్లా చెల్లదని కూడా ఒప్పుకోవాలి. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లండులోని నార్మన్ క్రాస్ వంటి శిబిరాల్లో బందీలైన ఫ్రెంచివారు, తమకు పెట్టిన మాంసంలోని ఎముకలను ఉడికించి, తెల్లబరచి, చిన్న చిన్న పలకలుగా కోసి ఓడలు చేసి అమ్ముకున్నారు. ఎక్కువగా జ్ఞాపకం మీద చేసినవి కాబట్టి వాటిలో చాలావాటి కొలతలు సరిగ్గా ఉండవు. అయినా వాటి కోసం సేకర్తలు పోటీ పడతారు, ఎందుకంటే వారు కొనేది ఆ బందీల కథను కూడా. కథకు ధర ఉందని తెలిస్తే నకిలీలు పుట్టుకురావడం సహజం. అందుకే ఒక నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చూపే పాత రశీదు, ఉత్తరం, ఫొటో వంటివాటికి అంత గిరాకీ.

పాతదాన్ని మెరిపించాలని కొత్త వార్నిష్ పూయించేవారికి ఒక మాట. పాత పూత, మొదటినాటి తాళ్లు పోతే ధర కూడా పోతుంది. అద్దాల పెట్టె దుమ్మును ఆపుతుంది గానీ, ఓక్ వంటి కర్రతో చేసి గాలి ఆడకుండా మూసిన పెట్టెలో కర్ర నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసపు లంగర్లు, ఫిరంగులు తెల్లటి పొడిగా రాలిపోతాయి.

ఇక మన సంగతి. 1948 మార్చి 14న విశాఖలో నెహ్రూ జలప్రవేశం చేయించిన 'జల ఉష' ఓడ నమూనా గానీ, కోరంగి తీరంలో కట్టిన కొయ్య ఓడల నమూనా గానీ హైదరాబాదు దుకాణాల్లో నాకు ఒక్కటీ కనిపించలేదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీది రెండు తెరచాప కొయ్యల ఓడను ఎవరైనా చేస్తే సంతోషమే, కానీ నాణెంలో లేనిదంతా ఊహేనని దాని పక్కన రాయాలి. అమ్మేవారు ప్రతి నమూనా అడుగునా అది ఏ ఓడో, ఎన్నో వంతో, ఏ కర్రో, ఎవరు చేశారో నాలుగు ముక్కలు రాసిపెడితే కొనేవాడు మోసపోడు, చేసినవాడి పేరూ మిగులుతుంది. మా ఇంట్లోని ఓడను తిరగేసి చూస్తే రెండు మేకులూ, సగం చిరిగిన ధర చీటీ తప్ప మరేమీ లేవు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్,
మల్కాజిగిరి, హైదరాబాదు