ట్రావెలింగ్ ఇచ్చే ముందు పాదాలు చూడాలి

సంపాదకులకు,

పాఠశాల, కళాశాల స్థాయి బాస్కెట్‌బాల్ పోటీల్లో ట్రావెలింగ్ (బంతి పట్టుకుని నిబంధనకు మించి పాదాలు కదపడం) నిర్ణయం వచ్చిందంటే వాదన మొదలైనట్టే. రిఫరీకి కళ్లు లేవని అరిచేవారే అందరూ. కళ్లు బాగానే ఉన్నాయి, ఆయన నిలబడిన చోటే సరిగా లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు నిబంధన. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా 2017లో దీన్ని సవరించింది. పరుగులో బంతి అందుకున్నప్పుడు గానీ డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ సాగడం) ముగించినప్పుడు గానీ, అప్పటికే నేలమీద ఉన్న పాదం లెక్కలోకి రాదు. ఆ తర్వాత రెండు అడుగులు వేయవచ్చు. నిలబడి బంతి అందుకున్న ఆటగాడికి ఈ వెసులుబాటు లేదు. డ్రిబుల్ మొదలుపెట్టాలంటే పివట్ పాదం (నేలకు ఆనించి ఉంచాల్సిన పాదం) లేవకముందే బంతి చేతిని వీడాలి.

మన మైదానాల్లో జరుగుతున్నది దీనికి తలకిందులు. పాదం మూడుసార్లు నేలను తాకిందని న్యాయమైన లే-అప్‌కు (పరుగున బుట్ట దగ్గరికి వెళ్లి వేసే షాట్‌కు) విజిల్ వేస్తున్నారు. నిలబడిన చోటునుంచి పివట్ పాదం ముందే లేపి దూసుకుపోయేవాడిని వదిలేస్తున్నారు. ఆ పిల్లవాడు అదే అలవాటుతో పెద్ద పోటీలకు వెళ్లి అక్కడ దొరికిపోతాడు. బంతితో కిందపడి జారినవాడికీ ట్రావెలింగ్ ఇవ్వడం చూస్తున్నాం. జారడం తప్పు కాదు. బంతి పట్టుకుని దొర్లడం, లేవబోవడం తప్పు.

ఇవన్నీ తేల్చాలంటే బంతి చేతికి చిక్కిన క్షణం, ఆ క్షణాన నేలమీదున్న పాదం, రెండూ ఒకే చూపులో పడాలి. ఆటగాడి వీపు వెనక నిలబడితే చేతులు కనపడవు. మరీ దగ్గరికి వెళితే పాదాలు కనపడవు. పరుగెత్తుతూ చూస్తే చూపు నిలవదు. బంతి వెంటే చూసే రిఫరీ పివట్ పాదం ఏదో గుర్తించకుండానే విజిల్ నోట పెట్టుకుంటాడు. పక్కకు రెండడుగులు జరిగి, ఆటగాళ్ల మధ్య ఖాళీ కనిపించే కోణం పట్టుకుని, నిలకడగా చూడడం సాధనతోనే వస్తుంది. నిబంధనల పరీక్ష పెట్టి సరిపెట్టే శిక్షణలో ఈ సాధన ఎక్కడ?

28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టును ఇద్దరితో నడిపిస్తూ అన్ని కోణాలూ దొరకాలనడం అన్యాయం. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ 1988-89 సీజన్ నుంచే ముగ్గురు రిఫరీలతో ఆడిస్తోంది. అన్ని మ్యాచ్‌లకూ కాకపోయినా, కనీసం సెమీఫైనల్స్ నుంచైనా నిర్వాహకులు మూడో రిఫరీని నియమించాలి. టోర్నీకి ముందు రిఫరీలను, కోచ్‌లను కలిపి కోర్టులోనే ఒక పూట పాదాల కదలికపై సాధన చేయించాలి.

- ఒక బాస్కెట్‌బాల్ అభిమాని