బేస్‌మెంట్ బారును పగలగొట్టే ముందు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పాత ఇళ్లు కొనుక్కున్న తెలుగువారు వాటిని కొత్తగా మార్చుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. బేస్‌మెంట్‌లోని పాత బారును, అంటే ఇంట్లోనే మద్యం పోసుకోవడానికి కట్టుకున్న బల్లను, మొత్తంగా పీకించి, ఖాళీ చేసిన గదితో పని మొదలుపెట్టమన్న సలహా అందులో ఉంది. గత ఏడాది అదే పని చేయబోయి, చివరి క్షణంలో ఆగిన కుటుంబం మాది కనుక ఆ సలహా ఎందుకు ప్రమాదకరమో రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

డెట్రాయిట్ శివార్లలో 1971లో కట్టిన ఇల్లు మాది. మిషిగన్ చలికి నేల లోపలిదాకా గడ్డకడుతుంది కాబట్టి పునాదిని కనీసం 42 అంగుళాల లోతుకు దించాలి. ఎలాగూ అంత తవ్వినవాళ్లు ఇంకొంచెం తవ్వితే కింద ఒక గది దక్కుతుంది కనుక ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి బేస్‌మెంట్ ఉంటుంది. ఆ రోజుల్లో అందులో ఒక మూల బారు కట్టుకోవడం మామూలు. మాకు దక్కిన దానికి ముదురు గోధుమరంగు చెక్క ప్యానలింగ్, వెనక గోడకు బంగారు చారల అద్దపు పలకలు, చిన్న సింకు, తల పైకెత్తితే పసుపుబారిన సీలింగ్ పలకలు ఉన్నాయి. పట్టపగలు కూడా చీకటిగా ఉండేది. కాంట్రాక్టరు ఒకరు వచ్చి చూసి, అన్నీ తీసేసి కొత్తగా కట్టడానికి 28 వేల డాలర్లు అవుతుందన్నారు. అంత పెట్టలేక, కూల్చే పని వరకు చిన్నాచితకా మరమ్మతులు చేసే ఒక హ్యాండీమ్యాన్‌ను పిలిపించుకున్నాం.

అతను నేల మీద ఒక మూల టైలు కిందికి గీకుడు కత్తి దూర్చి పైకి లేపగానే కింద తారులాంటి నల్లటి జిగురు కనిపించింది. టైల్స్ 9 అంగుళాల చదరాలు. ఆ కొలత, ఆ జిగురు, ఇంటి వయసు మూడూ కలిసినప్పుడు ఆస్బెస్టాస్ (పీలిస్తే ప్రాణాంతకమైన ఖనిజపు పీచు) ఉండే అవకాశం చాలా ఎక్కువని ఎక్కడో చదివిన మా ఆవిడ వెంటనే పని ఆపించింది. రెండు నమూనాలను ల్యాబుకు పంపి 90 డాలర్లు కట్టాం. టైల్లోనూ జిగురులోనూ ఆస్బెస్టాస్ ఉందని తేలింది. పరీక్ష చేయించాలన్న మాట కాంట్రాక్టరు గానీ హ్యాండీమ్యాన్ గానీ ఒక్కసారి కూడా అనలేదన్నది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అతను టైలు లేపుతున్నప్పుడు మా ఆరేళ్ల పాప మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉంది.

ఇలాంటి టైల్స్ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం భయం లేదు. విరిచినా, గీకినా, ఇసుక కాగితంతో రుద్దినా కంటికి కనిపించని పీచు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. దాని వల్ల వచ్చే క్యాన్సర్లు కొన్ని దశాబ్దాల తర్వాత గానీ బయటపడవు. బాగున్న టైల్స్‌ను కదపకుండా వదిలేయవచ్చనీ, వాటి మీద కొత్త ఫ్లోరింగ్ పరుచుకోవచ్చనీ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. మేం చేసింది అదే. జిగురు, మేకులు అక్కర్లేకుండా ఒకదానిలో ఒకటి బిగించుకుపోయే వినైల్ పలకలను బారు చుట్టూ ఉన్న 216 చదరపు అడుగులకు రెండు సెలవు రోజుల్లో మేమే పరిచాం. 486 డాలర్లయింది. 1978కి ముందు కట్టిన ఇళ్లలో పాత పెయింటులో సీసం ఉండవచ్చు కనుక రంగు గీకే ముందు దానికీ పరీక్ష చేయించుకోవాలి.

నేల కప్పేముందు తేమ చూసుకోవడం తప్పనిసరి. ఇంటిని వెచ్చబరిచే ఫర్నేసు పక్కన టైల్స్ లేని కాంక్రీటు మీద రెండడుగుల ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసి మూడు రోజులు ఉంచాం. అడుగున నీటి బొట్లు కనిపించాయి. తీరా చూస్తే పైకప్పు వాననీటి గొట్టం పునాది పక్కనే నీళ్లు పోస్తోంది. దాన్ని ఆరడుగులు దూరం జరిపి, లోపల గాలిలోని తేమను లాగే డీహ్యుమిడిఫైయర్ పెట్టి తేమ 50 శాతం లోపుకు దిగాకే ముందుకు వెళ్లాం. బారు దగ్గర ఎప్పుడూ వచ్చే మురుగు వాసనకు కారణం ఇంకా చిన్నది: ఏళ్లుగా వాడని సింకు కింద వంపు గొట్టంలో మురుగు గాలిని అడ్డుకుంటూ నిలవాల్సిన నీరు ఎండిపోయింది. ఒక చెంబు నీళ్లు పోస్తే వాసన ఆగింది. సింకు దగ్గరి ప్లగ్గును మాత్రం ఎలక్ట్రీషియన్ చేత షాకు కొట్టకుండా కరెంటు కట్ చేసే రకానికి మార్పించాం. 1965, 1973 మధ్య కట్టిన ఇళ్లలో కొన్నింటికి అల్యూమినియం తీగలు వాడారు, వాటి అతుకులు వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉంది కనుక అదే రోజు తీగలు కూడా చూపించుకున్నాం, మావి రాగివే.

ఇక అందం సంగతి. ప్యానలింగ్‌ను పీకలేదు, కడిగి, తేలిగ్గా రుద్ది తెల్ల రంగు వేశాం. రంగుకు ముందు వేసే పూతగా మొదట మామూలు ప్రైమర్ వాడడం నా పొరపాటు. మూడో రోజుకల్లా చెక్క ముడులున్న చోటల్లా టీ మరకల్లాంటి పసుపు మచ్చలు పైకి తేలాయి. లక్కతో చేసే ప్రైమర్ ఒక పూత వేశాక మళ్లీ కనిపించలేదు. సీలింగ్ పలకలు మార్చి, ట్యూబులైట్ల స్థానంలో వెచ్చని తెలుపు వెలుగునిచ్చే 3000 కెల్విన్ ఎల్ఈడీలు పెట్టేసరికి గది ఎత్తు పెరిగినట్టనిపించింది. నా దృష్టిలో ఇలాంటి గదికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది వెలుతురే. అద్దపు పలకలను పగలగొట్టే బదులు వాటి ముందు ప్లైవుడ్ బిగించి అలమర చేసుకున్నాం. బల్లను కదపలేదు. దాని అడుగున పెన్సిలుతో రాసిన కొలతలు, పక్కన 1974 అన్న అంకె ఉన్నాయి. అంత గట్టి పనితనం ఇప్పుడు తక్కువ డబ్బుకు దొరకదు. పైన చెక్క పలక ఒక్కటే కొత్తగా వేశాం. అది హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సేవాసంస్థ పాత ఇంటి సామాను అమ్మే రీస్టోర్ దుకాణంలో తక్కువ ధరకు దొరికింది. బారు బల్ల ఎత్తు సాధారణంగా 42 అంగుళాలు, దానికి 30 అంగుళాల స్టూళ్లు సరిపోతాయి. వంటింటి గట్టుకు వేసే పొట్టి స్టూళ్లు కొంటే పిల్లలకు గడ్డం దగ్గరికి బల్ల వస్తుంది.

మొత్తం ఖర్చు రెండు వేల డాలర్లకు కొంచెం లోపు. మా ఇంట్లో మద్యం తాగేవాళ్లు లేరు. ఆ సింకు పక్కన ఇప్పుడు కాఫీ ఫిల్టరు, ఇడ్లీ కుక్కరు, స్టీలు గ్లాసుల వరస ఉంటాయి. వినాయక చవితికి ముప్పైమంది వచ్చినా మెట్లెక్కి దిగే పని లేకుండా ఫలహారాలు అక్కడే వడ్డించాం. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారు పొద్దున్నే పేపరు పట్టుకుని దిగి వెళ్లేది అక్కడికే.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇకముందు పాత ఇళ్ల మరమ్మతుల గురించి ఎప్పుడు వ్యాసం వేసినా, 9 అంగుళాల టైల్స్ గురించి, పరీక్ష గురించి నాలుగు వాక్యాలు అందులో చేర్చండి. ఆ వ్యాసం చదివి ఈ వారాంతం పని పెట్టుకున్నవారు ఉంటే, వారికి ఈ ఉత్తరం శనివారం లోపే కనిపించేలా ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు
ట్రాయ్, మిషిగన్