కేసు కొట్టేశారు సరే, దావా వేసే ముందు ఇది చదువు

ఒరేయ్ మావా,

ఫోన్‌లో నీ కోపం వినడంతోనే సరిపోయింది, నేను చెప్పాలనుకున్నది ఒక్క ముక్కా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నా. మీ టెక్సాస్‌లో పార్కింగ్ లాట్‌లో పోలీసులు ఎవణ్ణో తీసుకెళ్తుంటే వీడియో తీశావని నిన్ను అరెస్టు చేసి పెట్టిన కేసు కొట్టేశారు కాబట్టి ఆ అరెస్టు తప్పని తేలిపోయింది, ఇక దావా వేసి వాళ్ళ తోలు తీస్తానంటున్నావు చూడు, అక్కడ కొంచెం ఆగు. అమెరికా ఫెడరల్ కోర్టులో సెక్షన్ 1983 కింద, అంటే హక్కుల్ని కాలరాసిన అధికారుల మీద దావా వేసుకోనిచ్చే చట్టం కింద, అక్రమంగా అరెస్టు చేశారని దావా వేస్తే జడ్జి ముందుగా అడిగేది ఒకటే: నీకు బేడీలు వేసిన ఆ నిమిషంలో ఆఫీసర్‌కి తగిన ఆధారం, అంటే ప్రాబబుల్ కాజ్, ఉందా లేదా అని. ఉందని తేలితే తర్వాత నువ్వు కడిగిన ముత్యంలా బయటికొచ్చినా ఆ అరెస్టు చెల్లుతుంది. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. రాసిన సెక్షన్‌కి ఆధారం లేకపోయినా, అప్పటికి ఆఫీసర్‌కి తెలిసినదాన్ని బట్టి ఇంకేదో నేరానికి ఆధారం ఉందని చూపిస్తే వాళ్ళకి చాలు, 2004లో డెవెన్‌పెక్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఆ మాటే చెప్పింది. కాబట్టి ఆ పార్కింగ్ లాట్‌లో నువ్వు ఎక్కడ నిలబడ్డావు, వెనక్కి జరగమన్నప్పుడు నిజంగా జరిగావా, ఫోన్ పట్టుకున్న చెయ్యి ఎంత దూరంలో ఉంది, రేపు నీ దావా అంతా వీటి మీదే నడుస్తుంది.

అలాగని నీ వైపు బలం లేదనుకోకు. నీ మీద పెట్టింది టెక్సాస్ పీనల్ కోడ్ 38.15, పోలీసుల డ్యూటీకి అడ్డుపడ్డావని. అడ్డుపడింది కేవలం మాటలతోనే అయితే అది డిఫెన్స్ అవుతుందని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది! నువ్వు చేసిందల్లా వీడియో తీస్తూ "వాణ్ణి ఎందుకు తీసుకెళ్తున్నారు" అని రెండుసార్లు అడగడమే కదా. మీ హ్యూస్టన్‌లోనే పోలీసుల పనికి ఏ రకంగా అడ్డు తగిలినా నేరమేనని సిటీ ఆర్డినెన్స్ ఒకటి ఉండేది, పోలీసుల మీద గొంతెత్తినందుకు అరెస్టయిన మనిషి దాని మీద పోరాడితే 1987లో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. ఇక వీడియో సంగతంటావా, పోలీసుల్ని రికార్డ్ చేసే హక్కు ఉందని ఫిఫ్త్ సర్క్యూట్, అంటే టెక్సాస్ మీద అధికారం ఉన్న ఫెడరల్ అప్పీల్ కోర్టు, 2017లో టర్నర్ కేసులో చెప్పింది. కానీ అదే తీర్పులో, ఘటన జరిగేనాటికి ఆ హక్కు స్పష్టంగా స్థిరపడలేదని చెప్పి, ఆ విషయంలో ఆఫీసర్లను వదిలేసింది. దాన్నే క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అంటారు, నాకు ఒళ్ళు మండేది దీని దగ్గరే. ఆ దావా వేసిన టర్నర్‌కి దక్కనిది నీకు దక్కొచ్చు, ఎందుకంటే ఇప్పుడు ఆ తీర్పు ఉంది.

నీ కేసుకి దగ్గరగా ఉన్నది థాంప్సన్ వర్సెస్ క్లార్క్ అనే కేసు. 2014 జనవరి, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్. పసిబిడ్డను హింసిస్తున్నారని ఇంట్లో ఉండే బంధువొకరు 911కి, అంటే అక్కడి ఎమర్జెన్సీ నంబర్‌కి, ఫోన్ చేశారు. వారంట్ లేకుండా లోపలికి రానివ్వనని లారీ థాంప్సన్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. పోలీసులు ఆయన్ని కింద పడేసి బేడీలు వేశారు. ఆస్పత్రిలో చూస్తే బిడ్డ ఒంటి మీద ఉన్నది డయాపర్ ర్యాష్! ఆయన మాత్రం రెండు రోజులు లోపలున్నాడు, అధికారుల పనికి అడ్డుపడ్డాడని కేసు కూడా పెట్టి, తర్వాత కారణం చెప్పకుండా ఎత్తేశారు. ఆయన దావా వేస్తే, కేసు ఎత్తేసినంత మాత్రాన సరిపోదు, నిర్దోషివని సూచించేలా ముగిసి ఉండాలని కింది కోర్టులు అన్నాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు 6-3తో అదేం అక్కర్లేదు, శిక్ష పడకుండా ముగిస్తే చాలంది. అయితే ఆ గెలుపు అక్రమంగా కేసు నడిపారన్న ఆరోపణ మీద. అక్రమ అరెస్టు ఆరోపణ మీద జ్యూరీ అంతకు ముందే పోలీసుల వైపు తీర్పిచ్చేసింది. అరెస్టు వేరు, తర్వాత నడిపిన కేసు వేరు, నీ లాయర్ రెండూ విడివిడిగా రాయాలి.

గడువు టెక్సాస్‌లో రెండేళ్ళు. అరెస్టుకి సంబంధించింది నిన్ను మేజిస్ట్రేట్ ముందు పెట్టినప్పటి నుంచే లెక్క, కేసు కొట్టేసిన రోజు నుంచి కాదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సిటీ మీద కూడా వేస్తానన్నావు, ఆ ఆఫీసర్ సిటీ ఉద్యోగి అయినంత మాత్రాన కుదరదు, సిటీ పాలసీ వల్లో అలవాటుగా సాగే పద్ధతి వల్లో జరిగిందని చూపించాలి. గెలిస్తే మాత్రం లాయర్ ఫీజు అవతలివాళ్ళ చేత కట్టించమని కోర్టుని అడగొచ్చు.

ఇవాళే చెయ్యాల్సినవి ఉన్నాయి. వీడియో అసలు ఫైల్ కట్ చెయ్యకుండా రెండు చోట్ల దాచు, దయచేసి ఎక్కడా పోస్ట్ చెయ్యకు. పోలీసులు ఒంటి మీద పెట్టుకునే కెమెరా, ఆ బాడీక్యామ్ ఫుటేజ్ చెరిపేయొద్దని లాయర్ చేత వెంటనే లెటర్ పంపించు. రికార్డు చెరిపించుకోవడానికి ఎక్స్‌పంక్షన్ వేస్తానంటున్నావు, అది ఎప్పుడు వెయ్యాలో లాయర్‌నే అడుగు, ఎందుకంటే అది వస్తే నీ దావాకి కావాల్సిన కాగితాలూ పోతాయి. అంతకు ముందే కేసు కొట్టేసిన ఆర్డర్ సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకో. గ్రీన్ కార్డ్ అప్లికేషన్‌లో అరెస్టుల గురించి అడుగుతారు, కేసు పోయినా రికార్డు చెరిగినా చెప్పి తీరాల్సిందే. "కొట్టేశారుగా" అని నో పెట్టావంటే లేని తలనొప్పి తెచ్చుకున్నట్టే.

లాయర్‌తో కాల్ ఫిక్స్ అయితే టైమ్ పంపు, నేనూ లైన్లో ఉంటా.

నీ మావ