తాళాలన్నీ వేలాడుతుంటే ‘రెండే గదులు’ ఏంటండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మన జిల్లా పేజీలో ‘ఆన్‌లైన్‌లో కొంటున్నారా, తస్మాత్ జాగ్రత్త’ అని, కొనేవాళ్లే జాగ్రత్త పడాలంటూ వచ్చిన వార్త చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. నేను తిరుపతిలోనే లా పీహెచ్‌డీ చేస్తున్నా, రెండో ఏడాది. యాప్‌లలో కొనేవాళ్లకు వినియోగదారుల చట్టం ఎంతవరకు పనికొస్తోందన్నదే నా టాపిక్. మా ఇంట్లోవాళ్ల లెక్కలో మాత్రం నాది ‘పొద్దస్తమానం ఫోన్ చూసే చదువు’.

మా చిన్నాయన రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో కౌంటర్ చూస్తాడు. మొన్న నేను అక్కడ కూర్చుని ఉండగా దర్శనానికి వచ్చిన ఒక అనంతపురం కుటుంబం ఆటో దిగింది. ముందురోజు రాత్రి ఒక యాప్‌లో ‘రెండే గదులు మిగిలాయి’ అని ఎర్ర అక్షరాల్లో కనిపించిందట, కొండ మీద గది దొరకలేదన్న టెన్షన్‌లో ఉన్నారు కదా, వెంటనే డబ్బు కట్టేశారు. మొదట చూపించిన రేటు ఒకటి, ఏవేవో ఫీజులు కలిశాక ఖాతాలోంచి పోయింది ఇంకొకటి. తీరా వచ్చి చూస్తే చిన్నాయన వెనక బోర్డు నిండా తాళాలు. ఆ ఇంటి పెద్దాయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. “మాదే తప్పులే, తొందరపడ్డాం” అంటూ సంచులు అందుకుని మెట్లెక్కాడు.

వాళ్ల తప్పు ఏముందండీ ఇందులో? ఇలా తొందరపెట్టి, దాచిపెట్టి, తికమకపెట్టి మనచేత నొక్కించే పద్ధతులకు ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది, వాటిలో 13 రకాలను పేరుపేరునా చెప్పింది. లేని తొందర పుట్టించడం అందులో మొదటిది. దానికి ఆ పత్రంలో ఇచ్చిన ఉదాహరణ ఏమిటో తెలుసా? ‘రెండు గదులే ఉన్నాయి, ఇంకో 30 మంది ఇప్పుడే చూస్తున్నారు’ అని చూపించడం! మన తిరుపతిని చూసే రాశారేమో అనిపించింది నాకు. అసలు రేటు చివరిదాకా బయటపెట్టకపోవడమూ ఆ 13లో ఉంది. టికెట్ బుక్ చేసేటప్పుడు ఇన్సూరెన్స్ వద్దంటే ‘నాకు భద్రత అక్కర్లేదు’ అని మనచేతే ఒప్పించి సిగ్గుపడేలా చేయడం కూడా ఉంది. ఇక ముందే టిక్కు పెట్టి ఉంచే గడుల సంగతి, వాటిని 2020 ఈ-కామర్స్ నిబంధనలే కాదన్నాయి.

చిన్నాయన దీనికి ఒక అడ్డు చెప్పాడు, అది కొట్టిపారేసేది కాదు. “మేము ఆ యాప్‌కి ఇచ్చిందే రెండు గదులురా, వాడు చెప్పింది అబద్ధం ఎట్లయితాది?” అన్నాడు. నిజమే కావచ్చు. కానీ ‘మా దగ్గర రెండే’ అనడానికీ ఊరికే ‘రెండే’ అనడానికీ తేడా ఉంది, సందర్భం చెప్పకుండా అంకె చూపించి తొందరపెట్టడాన్నే ఆ మార్గదర్శకాలు తప్పుపట్టింది. నా పరిశోధనలో సగం తలనొప్పి ఇలాంటి సగం నిజాలతోనే.

ఆ అనంతపురం వాళ్లు ఫిర్యాదు చేయాలనుకుంటే తిరుపతికో, కంపెనీ ఆఫీసున్న ఊరికో తిరగనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువుంది. అయినా కొన్ని వందల రూపాయల కోసం ఎవరు వెళ్తారు? నేనైనా వెళ్లను, నిజం చెప్పాలంటే. అలాంటప్పుడు కనీసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. ఒకే యాప్ మీద పదిచోట్ల నుంచి ఫిర్యాదులు చేరితే, అందరి తరఫునా చర్య తీసుకునే అధికారం ఆ ప్రాధికార సంస్థకు ఉంది. డబ్బు కట్టేముందు ఆ ఎర్ర అక్షరాల పేజీని స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుంటే మరీ మంచిది, తర్వాత వెతికితే ఆ పేజీ ఉండదు.

మీ పత్రికను అడిగేది ఒకటే. ఓటీపీ అడిగి ఖాతా ఖాళీ చేసేవాడి గురించి రాసేటప్పుడు ‘జాగ్రత్త’ అనండి, ఒప్పుకుంటాను. వాడిది దొంగతనం, దానికి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 ఉంది. కానీ జీఎస్టీ కట్టి వ్యాపారం చేసే కంపెనీ తెరమీదే ఇలా చేస్తుంటే జాగ్రత్త పడాల్సింది కొనేవాడు అని రాయకండి. ఆ కంపెనీని వివరణ అడిగి, వాళ్లేమన్నారో కూడా వేయండి. వారానికి ఒక స్క్రీన్‌షాట్ అచ్చువేసినా చాలు.

ఆ అనంతపురం ఆయన దగ్గర నేనూ స్క్రీన్‌షాట్ ఉందా అని అడగలేదు. మరుసటి రోజు వెళ్లేసరికి గది ఖాళీ చేసి వెళ్లిపోయారు.

– ఒక లా పరిశోధక విద్యార్థి, తిరుపతి